ఎడమ కాలి పని

"క్లచ్ లేని బండి" అంటారు దీన్ని. కొనేవాళ్ళూ అంటారు, అమ్మేవాళ్ళూ అంటారు. అబద్ధం. క్లచ్ ఉంది. క్లచ్ పెడల్ లేదు, అంతే. మామూలు గేర్ల బండిలో ఉండే అదే పొడి ప్లేటు, అదే ప్రెషర్ ప్లేటు, అదే రిలీజ్ బేరింగు, అదే అయిదు గేర్ల పెట్టె. ఇంతకుముందు మీ ఎడమ కాలు చేసిన పనిని ఇప్పుడు ఒక పంపు, కొన్ని వాల్వులు, ఒక చిన్న కంప్యూటరు కలిసి చేస్తున్నాయి. ఎడమ చెయ్యి చేసిన పనీ అవే చేస్తున్నాయి. దీన్ని ఆటోమేటెడ్ మాన్యువల్ అంటారు, పొట్టిగా ఏఎంటీ. పని పోలేదు, కంటికి కనపడకుండా పోయింది. కనపడకుండా పోయిన పని సంగతి నాకు పుట్టినకాడ్నించీ తెలుసు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా నాయన తోలు పనివాడు. చెప్పులు కుట్టేవాడు. అంతకంటే ముఖ్యంగా కపిల బావులకి తోలు తొండాలు కుట్టేవాడు. ఇప్పటి పిల్లలకి కపిల అంటే తెలీదు. రెండెద్దులు వాలులో దిగుతా మోకు లాగితే బావిలోంచి బాన పైకొచ్చేది. బాన అడుగున తోలు తొండం. పైకొచ్చాక తొండం నోరు జారి తొట్టిలోకి నీళ్ళు కుమ్మరించేది. ఊరి పైరు ఆ తొండం నీళ్ళతోనే పండింది. ఆ తొండం కుట్టిన మనిషి మాత్రం ఊళ్ళో బావిలో చేద వెయ్యటానికి లేదు.

పచ్చి తోలుని సున్నపు నీళ్ళలో వేసి, బొచ్చు గీకి, దంచిన తంగేడు చెక్క నీళ్ళలో రోజుల తరబడి ఊరేసేవాళ్ళు. ఊరిందో లేదో నాయన వాసన చూసి చెప్పేవాడు. అనుమానమొస్తే అంచు కోసి చూసేవాడు. కోతలో మధ్యన తెల్లగీత కనపడితే ఇంకా ఊరలేదని. పైకి ఎంత బాగున్నా సరే, మళ్ళీ లందలోకే. తొండం ఎక్కడ ఒరుసుకుంటుందో ముందే చూసి అక్కడ రెండో పొర వేసి ఆముదం పట్టించేవాడు. ఇది చదువు కాదా? బళ్ళో మాత్రం నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకుని "లంద వాసనరా" అనేవాళ్ళు. అయ్యవారు ఆ మాట వినీ విననట్టు ఊరుకునేవాడు.

తర్వాత ఊళ్ళోకి ఆయిలింజన్లొచ్చాయి, కరెంటు మోటార్లొచ్చాయి. కపిలలు పోయాయి. కళ్ళంలో మాకు కొలిచే గింజలు పోయాయి. "ఇంక నీ తోలుతో పనేం లేదురా" అన్నారు రైతులు. ఒకరోజు వాళ్ళలోనే ఒకాయన మోటారు పంపు ఫుట్‌వాల్వు పట్టుకుని మా ఇంటిముందుకొచ్చి, దూరంగా నిలబడి, "నీళ్ళు ఆగట్లేదురా, చూడు" అన్నాడు. నాయన విప్పితే లోపల అరచేతి అంత తోలు బిళ్ళ. అదే మూత. అది అరిగితే మోటారు ఎంత పెద్దదైనా నీళ్ళు పైకి లాగదు. కొత్త బిళ్ళ కోసి వేసి పంపించి, నాయన నాతో అన్న మాట: "తోలు పోలేదురా అబ్బాయ్. లోపలికి పోయింది."

ఒంగోల్లో ఐటీఐ మోటార్ మెకానిక్ చేసి 1991లో బెజవాడ ఆటోనగర్‌కి వచ్చాను. చుండూరు జరిగిన ఏడాది అది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేవాళ్ళు షెడ్డులో. గ్రీజు అంటిన చేతికి కులం కనపడదనుకునేవాణ్ణి. చేతులు కడుక్కుని అన్నం కాడ కూచున్నప్పుడు కనపడేది. ఆ కథ వేరే రాయాలి, ఇక్కడ వద్దు.

ఆ రోజుల్లోనే పాత పుస్తకాల బండి మీద ఒక ఇంగ్లీషు మోటారు పుస్తకం కొన్నా. డిక్షనరీ పక్కన పెట్టుకుని రాత్రిళ్ళు కూడబలుక్కునేవాణ్ణి. అందులో ఐటీఐలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. 20వ శతాబ్దం మొదట్లో చాలా కార్లకి కోన్ క్లచ్ ఉండేది. గరాటు ఆకారంలో ఉండే ఆ క్లచ్ మీద తొడుగు తోలుది. తోలు ఎండిపోతే బండి ఎగిరెగిరి కదిలేది. అప్పుడు దానికి ఆముదమో, పశువుల కాళ్ళ ఎముకల్లోంచి తీసిన నూనో పట్టించేవాళ్ళు. రాజాలు, జమీందార్లు ఎక్కి తిరిగిన రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్‌కి కూడా తోలు క్లచ్చే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయన చేతిలోని తోలు, మా నాయన చేతిలోని ఆముదం. అక్కడ దాన్ని ఇంజనీరింగ్ అన్నారు, ఇక్కడ కులవృత్తి అన్నారు. తర్వాత తోలు పోయి ఆస్బెస్టాస్ వచ్చింది, అదీ పోయి ఇప్పుడు వేరే పీచులు, జిగుర్లు కలిపి చేస్తున్నారు. పని మాత్రం అదే. తిరిగేదాన్ని, ఆగున్నదాన్ని మెల్లగా ఒరిపించి కలపటం. కలిపేటప్పుడు అరిగేది మధ్యలో ఉన్నదే.

2014 ఫిబ్రవరిలో మారుతి సెలేరియోతో ఈ ఏఎంటీ మన చిన్న కార్లలోకి దిగింది. సరంజామా ఇటలీ కంపెనీ మాగ్నెటి మారెలిది. అదే కంపెనీ 1997లో ఫెరారీ 355కి ఇలాంటిదే చేసి ఇచ్చింది. రేసు వేగం కోసం పుట్టిన పద్ధతి పదిహేడేళ్ళకి మన గుమస్తాల బండిలోకి వచ్చిందన్నమాట. అసలు ఆటోమేటిక్ అంటే డబ్బున్నోళ్ళ సంగతి. ఇది మామూలు గేర్ల బండి కంటే ఓ నలభై యాభై వేలే ఎక్కువ. ఎందుకంటే గేరుపెట్టె పాతదే, మీద ఆ కాలూ చెయ్యీ తగిలించారు, అంతే. పంపు నూనెని నలభై బార్ల చుట్టుపక్కల వత్తిడికి ఎక్కించి ఒక చిన్న సీసాలాంటి దాంట్లో దాస్తుంది. టైరులో గాలి రెండు బార్లే, లెక్క చూసుకోండి. ఆ వత్తిడే క్లచ్‌ని తోస్తుంది, గేరుని మారుస్తుంది. క్విడ్, శాంత్రో లాంటి బండ్లలో నూనె ఉండదు, కరెంటు మోటార్లే ఆ పని చేస్తాయి.

బండి వచ్చింది కానీ దాని చదువు మా షెడ్లకి రాలేదు. కొత్త క్లచ్ ప్లేటు వేస్తే చాలదు. ప్లేటు ఎక్కడ అందుకుంటుందో కంప్యూటరుకి మళ్ళీ నేర్పాలి. నేర్పకపోతే అది పాత అరిగిన ప్లేటు లెక్కతోనే తోస్తుంది. బండి గుంజుతుంది, గేరు పడదు. ఆ నేర్పే తాళంచెవి మొదట్లో పెద్ద వర్క్‌షాపుల కాడే ఉండేది. ఏకలవ్యుడి బొటనవేలు పోయిన కథ మనం ఎన్ని కవితల్లో రాసుకున్నామో. ఇక్కడ వేలు కూడా అడగరు, స్కానర్‌లో ఆ పేజీ తెరుచుకోదు, అంతే. అన్ని కంపెనీల బండ్లకి పనికొచ్చే స్కానర్లు తర్వాత బజార్లోకి వచ్చాయి. నేను అప్పు చేసి ఒకటి కొన్నా. మా ఆవిడ గాజులు మూడేళ్ళు బ్యాంకులోనే ఉన్నాయి.

ఇప్పుడు మా చెల్లెలి బండి సంగతి చెప్పాలి.

మా చిన్నాయన కూతురు, బెజవాడలో గవర్నమెంటు బళ్ళో టీచరు. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు పోయింది. చిన్నప్పుడు ఇనప క్యాలిపర్ వేసుకునేది. ఆసుపత్రోళ్ళు ఇచ్చిన పట్టీలు గట్టిగా ఉండి తొడ ఒరుసుకుపోతే, మా నాయన మెత్తటి తోలు ఊరేసి, అంచు మడిచి కుట్టి, ఆముదం పట్టించి ఇచ్చేవాడు. ఏడాదికో జత. అది ఆ కాలితో రెండు మైళ్ళు నడిచి హైస్కూలు చదివింది. ఉద్యోగమొచ్చాక బస్సులెక్కలేక, ఆటోవాళ్ళని బతిమాలలేక, లోనుతో సెకండ్‌హ్యాండ్‌లో ఒక చిన్న ఏఎంటీ కారు కొనుక్కుంది. లైసెన్సు కోసం తిరిగిన తిరుగుడు అదే ఎప్పుడైనా రాయాలి. కారొచ్చిన రోజు ఫోను చేసి, "అన్నా, ఇది ఎవరి సాయం లేకుండా నేను వెళ్ళే మొదటి బండి" అంది. మిగతావాళ్ళకి ఏఎంటీ అంటే ట్రాఫిక్‌లో సుఖం. మా చెల్లెలికి అది కాలు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది కదా. దాని వీధి కాస్త మెరక. అయినా కారు గుమ్మం అంచుదాకా నీళ్ళొచ్చి మూడు రోజులు నిలిచాయి. నీళ్ళు తీశాక బ్యాటరీ మార్పించింది, లోపల కడిగించింది, బండి నడిచింది. రెండు నెలలయ్యాక మొదలైంది గొడవ. పొద్దున్నే డి లోకి తోస్తే గేరు పడదు, ఎన్ అని అక్షరం కొట్టుకుంటా ఉంటది. సందెపూట రద్దీలో ఉన్నట్టుండి న్యూట్రల్‌కి పడిపోద్ది. వెనకనించి హారన్లు, తిట్లు. "కుంటిదానికి కారెందుకు" అన్నాడంట ఒకడు అద్దం దించి.

"ఇది కంప్యూటర్ బండి, షెడ్డు మెకానిక్కులకి అర్థం కాదు" అని తోటి టీచర్లు చెప్తే ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళింది. వాళ్ళు స్కానర్ పెట్టి, గేరు పడలేదన్న కోడ్ చూసి, యాక్చువేటర్ కిట్ మొత్తం మార్చాలి, డెబ్బై వేల పైచిలుకు అవుతుందని కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "అన్నా, అమ్మేద్దామనుకుంటున్నా. ఎంతొస్తే అంత."

నేను స్కానర్ తియ్యలేదు. ముందు మనిషిని అడగాలి.

"ఎప్పుడెప్పుడు వస్తందమ్మాయ్ ఇది?"

"పొద్దున్నే, మొదటిసారి తీసేటప్పుడు. సాయంత్రం లైట్లేసి, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఉన్నప్పుడు."

"మధ్యాహ్నం?"

కాసేపు ఆలోచించింది. "మధ్యాహ్నం ఎప్పుడూ రాలేదన్నా."

"సెల్ఫ్?"

"కొంచెం బద్ధకంగానే తిరుగుతంది. కొత్త బ్యాటరీనే కదా అని ఊరుకున్నా."

మర చెడితే మధ్యాహ్నం కూడా చెడాలి కదా. కరెంటు ఎక్కువ వాడినప్పుడే వస్తోంది. ఇది నూనె జబ్బు కాదు, కరెంటు జబ్బు అని నాకు సగం తెలిసిపోయింది. అయినా వరస తప్పకూడదు. కుర్రాణ్ణి వెనక నిలబెట్టి బ్రేకు తొక్కమన్నా. బ్రేకు లైటు వెలగాలి. ఆ స్విచ్ పోతే బ్రేకు తొక్కినట్టు బండికి తెలీదు, డి లోకి పోనివ్వదు. ఎన్నో బండ్లు ఈ చిన్న స్విచ్ వల్లే లారీలెక్కి వర్క్‌షాపుకి పోయాయి. దీనికి బాగానే వెలిగింది. తర్వాత డ్రైవరు తలుపు తీశా. తలుపు తియ్యగానే పంపు జుయ్‌మని తిరిగి వత్తిడి నింపుకుని ఆగిపోవాలి. ఇది ఆగట్లేదు. గొంతు పట్టేసినోడు పాడినట్టు సాగదీస్తోంది. నూనె మట్టం చూశా, సరిగ్గానే ఉంది. అన్నట్టు ఆ నూనె కంపెనీ చెప్పిందే పొయ్యాలి. బ్రేకాయిల్ లాగే ఉందిలే అని బ్రేకాయిల్ పోసినోళ్ళని చూశా, లోపల సీళ్ళన్నీ ఉబ్బి చచ్చాయి.

బ్యాటరీ చూస్తే 12.5 వోల్టులు. మంచిదే. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస గేరుపెట్టె ఒంటి మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నా. అరవోల్టు లోపు చూపించాలి. 1.4 చూపించింది. అంటే బ్యాటరీ నుంచి గేరుపెట్టెకి పోవాల్సిన దారిలో ఎక్కడో కరెంటు ఆగిపోతోంది. ఎర్త్ తీగ విప్పా. పైకి తొడుగు నల్లగా, నున్నగా, కొత్తదానిలా ఉంది. కత్తితో నిలువునా కోశా. లోపల రాగి పచ్చగా కుళ్ళి పొడి రాలింది. మూడు రోజుల బుడమేరు నీళ్ళు తొడుగులోకి పాకి కూచున్నాయి.

చెల్లెలికి ఆ కోత చూపించా. "పెదనాయన తోలు కోసి చూసినట్టు చూశావు" అంది.

తీగ, రెండు నట్లు, గీకి శుభ్రం చేసిన కూలి కలిపితే వెయ్యి రూపాయలు కూడా కాలేదు. అప్పుడు స్కానర్ పెట్టా. గేరు పడని కోడ్‌తో పాటు పాత కోడ్లలో వోల్టేజి తక్కువన్నది కూడా ఉంది. పెద్ద వర్క్‌షాపు వాళ్ళకీ కనపడే ఉంటుంది. స్కానర్ అబద్ధం చెప్పదు, ఏది ముందు ఏది వెనక అన్నది మాత్రం అది చెప్పలేదు. మనమే చూసుకోవాలి. కోడ్లు చెరిపేశాక ఎన్ కొట్టుకోవటం పోయింది. కానీ గేరాయిల్ దించితే పాలు పోసిన టీ రంగులో వచ్చింది. నీళ్ళు కలిశాయి. మార్చా.

బండిని బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీదికి తీసుకెళ్ళా. లివర్‌ని ఎం లోకి తోసి నాలుగో గేరులో నిలిపి ఎత్తు మీద తొక్కితే ఇంజను అరుస్తోంది, వేగం పెరగట్లేదు. దిగి బానెట్ కాడ వాసన చూశా. కాలిన క్లచ్ వాసన తెలిసినోళ్ళకి తెలుస్తుంది, కాలిన కొమ్ము వాసనకి దగ్గరగా ఉంటుంది. ఈ ముక్కునే చిన్నప్పుడు ఎగతాళి చేశారు. ఇప్పుడు కార్లేసుకొచ్చే పెద్దమనుషులు "కొంచెం వాసన చూడవయ్యా" అని అడుగుతారు. అడిగి, పక్కకి జరిగి, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు.

"మీ ఇంటికాడ ర్యాంపు ఎక్కేటప్పుడు వాచ్‌మన్ గేటు తీసేదాకా ఏం చేస్తావు?" అని అడిగా.

"యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టుకుంటా. లేకపోతే వెనక్కి పోతంది."

క్లచ్ కాలింది అక్కడే. చెల్లెలి తప్పేం లేదు. అమ్మినోళ్ళు క్లచ్ లేదన్నారు, లేనిదాన్ని ఎవరు కాపాడుకుంటారు? వాలు మీద అలా ఆపితే సగం అందుకుని సగం జారుతూ ప్లేటు కాలుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేసుకోవాలి. గేటు తీశాక యాక్సిలరేటర్ ఇస్తూ, బండి ముందుకి లాగుతున్నప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించాలి. సిగ్నల్ కాడ ఎక్కువసేపు ఆగితే ఎన్ లో పెట్టుకోవాలి. రద్దీలో అడుగు అడుగుకీ పాకించకుండా ముందు బండికి కాస్త జాగా ఇచ్చి, ఒక్కసారి కదిలి ఒక్కసారి ఆగాలి. గేరు మారేటప్పుడు తల ఊగుతుందని చాలామంది జబ్బనుకుంటారు, జబ్బు కాదు. ఆ క్షణంలో క్లచ్ విడుతుంది, ఇంజను బలం చక్రానికి అందదు. అప్పుడు కుడి కాలు కాస్త తేలిక చేస్తే ఊగదు. ఇంకోటి, ఈ బండ్లకి పి అనే పార్కింగ్ గేరు ఉండదు. ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ తప్పనిసరి. బ్యాటరీ చచ్చిపోతే నలుగుర్ని పిలిచి తోయించి స్టార్ట్ చేద్దామంటే కుదరదు, అందుకే మామూలు బండికంటే దీని బ్యాటరీని ఎక్కువ చూసుకోవాలి.

క్లచ్‌కి డబ్బు వెంటనే లేదు. మూడు నెలలు ర్యాంపు ఎక్కించకుండా రోడ్డు మీదే పెట్టుకుని, లోను వాయిదా పోను మిగిలింది కూడబెట్టి తీసుకొచ్చింది. నా కూలి వద్దన్నా, టేబుల్ మీద పెట్టి గ్రీజు డబ్బా బరువుంచింది.

పని మొదలుపెట్టేముందు మా కుర్రాళ్ళకి ఒకటే చెప్తా. వత్తిడి దించకుండా పైపు నట్టు మీద స్పానర్ పెట్టొద్దు. ఆ నూనె చిమ్మితే కళ్ళు పోతాయి. వత్తిడి దించి, మీది సరంజామా విప్పి, గేరుపెట్టె దించితే ప్లేటు రివెట్లకి వచ్చేసి ఉంది. ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలు, వేడికి వచ్చినవి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కొత్తవి వేశాం. మళ్ళీ ఎక్కించి స్కానర్‌లో నేర్పే పేజీ తెరిచా. బండిలో ఎవరూ లేరు, ఎవరూ ఏదీ తొక్కట్లేదు. లోపల టక్ మని క్లచ్ విడింది. మెల్లగా కలిసింది. మళ్ళీ విడింది. ఒక్కో గేరూ తడుముకుంటా వేసుకుని తీసుకుంది. పసిబిడ్డ అడుగు అడుగు తడిమి చూసుకున్నట్టు.

చెల్లెలు స్టూలు మీద కూచుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని చూస్తా ఉంది. పాత ప్లేటు నేను చెత్తబుట్టలో వెయ్యబోతే అడిగి తీసుకుంది. బళ్ళో పిల్లలకి సైన్సు పాఠంలో ఘర్షణ చెప్పేటప్పుడు చూపిస్తానంది.

వచ్చే నెల 60 వేల కిలోమీటర్లు దాటుతుంది బండి. గేరాయిల్ ఇంకోసారి దించి చూడాలి, నీళ్ళు పూర్తిగా పోయాయో లేదో. ఆదివారం రమ్మన్నా. చర్చి అయ్యాక వస్తానంది.